పేరు పక్కన ఇండియా

వీణకు శ్రీలంక సంబంధం ఖాయమైందట. ఈ మాట బోరింగు దగ్గర పుట్టిందో, కూరగాయల బండి దగ్గర పుట్టిందో ఎవరూ సరిగ్గా చెప్పలేరు గానీ, రెండు వేల అయిదు ఎండాకాలం వచ్చేసరికి చాంద్రాయణగుట్టలో ఆ గల్లీకంతా పాకిపోయింది. ఆగయ్య బిడ్డ, కైలాసం నెట్ సెంటర్‌లో కూర్చునే పిల్ల, కంప్యూటర్‌లోనే లంకవాడిని వెతుక్కుందట. వాడు రామేశ్వరం దాకా పడవలో వచ్చి, అక్కడి నుంచి రైలెక్కుతాడట.

“నోట్ల నాలుక లేనట్టుండె గదనే ఆ పిల్ల!” అన్నది బోరింగు కొడుతున్న ఒకామె.

“సీతమ్మనైతే రావణుడు ఎత్తుకపోయిండు. ఈమె సొంతంగనే పోతున్నది,” అన్నది బిందె పట్టుకున్న ఇంకొకామె.

“పేరు పక్కన ఇండియా అని పెట్టుకున్నదట. ఎందుకంటవ్? ఇండియా పిల్ల ఖాళీగున్నదని బయటి దేశపోళ్లకు తెల్వొద్దా?”

“ఇంటి మీద టూలెట్ బోర్డు కట్టినట్టన్నట్టు!”

అందరూ పగలబడి నవ్వారు. పడవ మాట, రావణుడి మాట కొన్నాళ్లకు పాతబడిపోయాయి. పేరు పక్కన ఇండియా అన్న మాట మాత్రం నిలిచిపోయింది. ఒక ఆడపిల్ల తన పేరు పక్కన దేశం పేరు ఎందుకు పెట్టుకుంటుంది, ఎవరైనా చూడాలని కాకపోతే?

నిజానికి ఎవరైనా చూస్తారంటేనే వీణకు భయం. కిరాణా దుకాణానికి పోయినా గోడవారన నిలబడేది. ముందొచ్చినవాళ్లు, వెనకొచ్చినవాళ్లు అందరూ సామాన్లు తీసుకుపోయాక, దుకాణం ఆయనే చూసి “ఏం గావాలె బిడ్డా?” అని అడిగితే అప్పుడు చెప్పేది. తొమ్మిదో తరగతిలో ఉండగా తల్లి రాహేలుకు నడుం ఆపరేషన్ అయింది. తండ్రి ఆగయ్య సర్కారు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో హెల్పరు. పొద్దున్నే లేచి పోయేవాడు. అన్న నగేష్ అప్పటికే ఆటో ట్రాలీ మీద ఉన్నాడు. వండిపెట్టే మనిషి కావాల్సి వచ్చి వీణ బడి మానేసింది. తల్లి లేచి తిరగడం మొదలుపెట్టాక మళ్లీ పొమ్మన్నారు. తనకంటే చిన్నపిల్లల మధ్య కూర్చోవడానికి సిగ్గుపడి వీణ పోలేదు. ఇంకెవరూ గట్టిగా అనలేదు.

ఆ ఇంట్లో ఒక క్యారం బోర్డు ఉండేది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆగయ్య దాన్ని వాకిట్లో నూనె డ్రమ్ము మీద పెట్టి, బోరిక్ పౌడర్ చల్లేవాడు. గల్లీ మగవాళ్లంతా చుట్టూ మూగేవారు. ఆటలో నగేష్‌ది పై చెయ్యి. పక్కనున్న బార్కస్ నుంచి కూడా అతనితో ఆడడానికి వచ్చేవారు. ఆడపిల్లలు ఆ డ్రమ్ము దగ్గరికి పోకూడదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. వీణ గుమ్మం కర్టెన్ వెనక బియ్యం చేట పట్టుకుని రాళ్లేరుతూ నిలబడేది. చేతులు బియ్యంలో ఉండేవి, కళ్లు బోర్డు మీద ఉండేవి. ఏ కాయిన్ ఏ మూలకు పోతుందో, స్ట్రైకర్ ఎటు తిరిగి వస్తుందో ఆమె కళ్లకు అలవాటైపోయింది.

ఒకసారి నగేష్ ఇరుక్కుపోయాడు. తన కాయిన్‌కు ఎదురుగా ఇంకొకరి కాయిన్ అడ్డం పడింది. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. అప్పుడు కర్టెన్ వెనక నుంచి ఒక మాట వచ్చింది.

“అన్నా, బోర్డుకు కొట్టి తియ్యి.”

అందరూ అటు తిరిగారు. నగేష్ మొహం ఎర్రబడింది. “లోపటికి పో,” అన్నాడు. వీణ పోయింది. లోపలి నుంచి వింది: స్ట్రైకర్ చెక్కకు తగిలిన చప్పుడు, కాయిన్ జాలీలో పడిన చప్పుడు, మగవాళ్ల కేక. అన్న అలాగే కొట్టాడు. ఆ సంగతి తర్వాత ఇద్దరూ ఎత్తలేదు.

కైలాసం దగ్గర ఆమె చేరింది అతను ఎస్టీడీ బూత్ నడిపే రోజుల్లో. గల్లీ ఆడవాళ్లు ఫోన్ చేసుకోవడానికి మొహమాటపడుతున్నారని, కౌంటర్ దగ్గర ఒక ఆడపిల్ల ఉంటే బాగుంటుందని కైలాసం ఆగయ్యను అడిగాడు. సెల్ ఫోన్లు వచ్చి బూత్ దెబ్బ తిన్నాక, అదే గదిలో ప్లైవుడ్ గోడలు పెట్టి కంప్యూటర్లు దించాడు. మనుషులు మారారు గానీ వీణ కుర్చీ మారలేదు. అక్కడ కూర్చుంటే ఆమె ఎవరితో మాట్లాడక్కర్లేదు, కానీ అందరూ కనిపిస్తారు. ఇంటికీ చర్చికీ బయట ఆమెకు ఉన్న చోటు అదొక్కటే.

సాయంత్రాలు కుర్రాళ్లు ఆటలకు వచ్చేవారు. వాళ్ల ఆటలకంటే వాళ్లు పెట్టుకునే పేర్లు వీణకు వింతగా అనిపించేవి. ఒక్కడూ ఉత్త పేరు పెట్టుకోడు. వెనకాల దేశం తోక ఉండాల్సిందే. నెట్‌లో అవతలి నుంచి ఆడేవాళ్లూ అంతే. టర్కీ అట, బ్రెజిల్ అట, పోలండ్ అట. బార్కస్ నుంచి వచ్చే సాలెం భాయ్ కూడా ఇండియా అనే పెట్టుకున్నాడు. ఒకరోజు గవర్నమెంటు ఆఫీసులో పనిచేసే వెంకట్రావు గారి అబ్బాయి సాయికృష్ణ అతన్ని పట్టుకున్నాడు.

“నువ్వు యెమెన్ అని పెట్టుకోవాలి కదా భాయ్! మీ బార్కస్ వాళ్లంతా అక్కడి నుంచి వచ్చినవాళ్లేగా?”

“అరే యార్, యెమెన్‌కెళ్లి వచ్చింది మా పర్‌దాదా. నేనైతే షాలిబండ దవాఖాన్ల పుట్టిన,” అన్నాడు సాలెం భాయ్ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే.

“సరే, అసలెందుకు పెట్టడం?”

“బయటి దేశపోడు ఓడిపోతే, ఎవల చేతుల ఓడిండో వానికి తెల్వాలె గదా. ఉత్త సాలెం అంటే ఏం తెలుస్తది?”

“మరి నువ్వు ఓడిపోతే?”

“అప్పుడు నెట్ స్లో ఉన్నదని చెప్త.”

కౌంటర్ వెనక వీణ తల వంచుకుని నవ్వుకుంది.

ఇంకొకటి కూడా ఆమె చూసింది. హరిప్రియ అని ఒక కాలేజీ అమ్మాయి వచ్చి, తన సొంత పేరుతోనే ఆటలోకి పోయింది. కాసేపటికే స్క్రీన్ మీద మాటలు వరసగా రావడం మొదలైంది. ఎవరెవరో, ఏవేవో అడుగుతున్నారు. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. మధ్యలోనే లేచిపోయి మళ్లీ రాలేదు.

అందుకే, మధ్యాహ్నం ఎవరూ లేని ఒక వేళ తనకూ ఆడాలనిపించినప్పుడు, వీణ తన పేరు కొట్టలేదు. ఆట అన్నాక ఆమెకు తెలిసిన పేరు ఒక్కటే. నగేష్ అని కొట్టింది. ఆ పేరు ఎవరో ముందే తీసుకున్నారని వచ్చింది. వెనకాల అంకెలు తగిలించుకోమని ఆ సైటే సలహా ఇచ్చింది. వీణ అంకెలు తీసేసింది. కొద్దిసేపు వేళ్లు ఆపింది. తర్వాత ఇండియా అని కొట్టింది. ఎందుకని అడిగేవాళ్లు అప్పుడు పక్కన ఎవరూ లేరు.

అది పూల్ ఆట. ఆకుపచ్చ బల్ల, రంగు బంతులు, ఆరు జేబులు. గోడకు కొట్టి తీయడం, సన్నగా తాకించడం, అన్నీ ఆమెకు తెలిసినవే. చేతికి పౌడర్ అంటదు, అంతే తేడా. మొదటి రోజు ఎదురుపడిన పేరు మాతర శ్రీలంక. తర్వాత తెలిసింది, మాతర అనేది సముద్రం ఒడ్డున ఒక ఊరని. మనిషి పేరు లేదు, ఊరూ దేశమూ మాత్రమే.

వీణ ఆట బాగానే సాగింది. బల్ల మీద ఒకే ఒక నల్ల బంతి ఉంది. క్యారంలో ఎర్ర రాణి ఒక్కటే ఉన్నట్టు. ఛాన్సు దొరకగానే దాన్ని వేసేసింది. వెంటనే తన బంతి ఇంకొకటి వేసి కవర్ చేద్దామని గురి చూసుకుంటుండగా, నువ్వు ఓడిపోయావని స్క్రీన్ మీద వచ్చింది. నల్ల బంతి అందరికంటే చివర వేయాలట. ముందే వేస్తే ఆట పోయినట్టేనట.

వీణ సిగ్గుతో ఆట మూసేయబోయింది. అంతలో అవతలి నుంచి చిన్న చిన్న ఇంగ్లీషు ముక్కల్లో మాటలు వచ్చాయి.

“ఇండియానా? క్యారం ఆడతావు కదా?”

ఆమె అవునని కొట్టింది.

“రాణి అనుకున్నావు! నేనూ మొదట ఇదే తప్పు చేశాను, బ్రదర్. మా దేశంలో అందరం క్యారమే.”

వీణ ఆ మాటల్ని చాలాసేపు చూసింది. ఎక్కడో సముద్రం అవతల కూర్చున్న మనిషికి, పేరు పక్కన ఒక మాట చూడగానే, ఆమె చెయ్యి ఎందుకు తప్పిందో తెలిసిపోయింది. అక్కడున్నది ఆడో మగో ఆమెకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. అడిగితే తనూ చెప్పాల్సి వస్తుంది. అప్పటి నుంచి కస్టమర్లు లేని మధ్యాహ్నాల్లో స్క్రీన్ మీద మాతర పేరు వెలిగితే ఇద్దరూ ఒక ఆట వేసేవారు. మాటలు తక్కువ. “మంచి దెబ్బ, బ్రదర్.” “థాంక్యూ.” ఆమెకు వచ్చిన ఇంగ్లీషుకు అంతే చాలు.

రెండు వేల నాలుగు డిసెంబరు చివర్లో సముద్రం పొంగింది. కైలాసం కౌంటర్ దగ్గర పెట్టుకున్న చిన్న టీవీలో మునిగిన ఊళ్లు, విరిగిన పడవలు చూపిస్తున్నారు. కింద పేర్లు వస్తున్నాయి. అందులో మాతర అని కూడా వచ్చింది. వీణ ఆ పూట అన్నం తినలేదు. రోజూ మధ్యాహ్నం ఆట తెరిచి చూసేది. ఆ పేరు వెలిగేది కాదు. ఉత్త పేరే అయి ఉంటే ఆమెకు ఏమీ తెలిసేది కాదు, రాలేదేమో అనుకుని ఊరుకునేది. పేరులో ఊరుండబట్టి, దేశముండబట్టి, ఆమె గుండె టీవీ చుట్టూ తిరిగింది.

కొత్త సంవత్సరం వచ్చి చాన్నాళ్లయ్యాక ఒకరోజు ఆ పేరు వెలిగింది.

“బ్రదర్, ఇల్లు పోయింది. మనుషులం ఉన్నాం,” అని వచ్చింది. ఆమె ఏం రాయాలో వెతుక్కుంటుండగానే ఇంకొక వాక్యం: “నువ్వెలా ఉన్నావు? ఇండియాలో కూడా నీళ్లొచ్చాయని విన్నాం. చాలా భయపడ్డాను.”

“మా ఊళ్లో సముద్రం లేదు,” అని కొట్టింది వీణ. కొడుతుంటే కళ్ల నీళ్లు ఆగలేదు.

సరిగ్గా అప్పుడే సాయికృష్ణ పరీక్ష రిజల్టు చూపించుకుందామని అతని తల్లి బాలత్రిపురసుందరి లోపలికి వచ్చింది. ప్లైవుడ్ మీదుగా తొంగి చూసింది.

“ఏమిటమ్మాయ్, ఏడుస్తున్నావా?”

“లేదాంటీ, కంట్ల నలుసు పడ్డది.”

ఆవిడ స్క్రీన్ వైపు చూసింది. ఒక పక్క ఇండియా, ఒక పక్క శ్రీలంక, మధ్యలో ఏవో మాటలు. కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది కనుక అంతకుమించి కనపడలేదు. చెడ్డ మనిషి కాదు. సాయంత్రం కూరగాయల బండి దగ్గర, “ఆగయ్య కూతురు పాపం ఎవరితోనో రాసుకుంటూ కళ్లనీళ్లు పెట్టుకుందండీ, శ్రీలంకట. ఈ అమ్మాయి పేరు పక్కన ఇండియా అని ఉంది,” అని మాత్రమే అంది. మిగతాది గల్లీ కలుపుకుంది.

ఆ మాట ఇంటికి చేరడానికి ఎండాకాలం దాకా పట్టింది. చర్చిలో ఎవరో రాహేలు చెవిన వేశారు. ఆ రోజు రాహేలు అన్నం గిన్నె దించుతూనే అడిగింది.

“ఏందే ఈ లంక లొల్లి?”

“ఏం లేదమ్మా.”

“ఏం లేకుంటే ఊరంత ఎందుకంటరు? రేపటి సంది పోకు. ఇంట్లనే ఉండు. మీ బాపుకు చెప్త, మంచి సంబంధం చూస్తడు.”

వీణ బియ్యం చేట ముందుకు లాక్కుంది. నిజం చెప్తే తల్లికి అర్థం కాదు. చూపిస్తే అన్న పేరు వాడుకున్న సంగతి బయటపడుతుంది. చూపించకపోతే కుర్చీ పోతుంది. కర్టెన్ వెనక్కి, బియ్యం చేట దగ్గరికి మళ్లీ పోవాలి. చేటలో చెయ్యి పెట్టి ఆమె అదే ఆలోచిస్తూ కూర్చుంది. నగేష్ చెయ్యి కడుక్కుని లేచాడు.

“రేపొక్కరోజు పోనియ్యమ్మా. నేను పోయి చూస్త. వాడెవడో, ఏం రాస్తుండో నా కండ్లతోటి చూస్త,” అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఉస్మాన్‌గంజ్‌లో మిర్చి బస్తాలు దింపి, ట్రాలీ రోడ్డు మీద ఆపి లోపలికి వచ్చాడు. చొక్కా నిండా కారం ఘాటు. కైలాసం తుమ్మాడు.

“నగేషూ, నాకైతే పిల్ల మీద ఏం అనుమానం లేదు బిడ్డా. గని నలుగురు వచ్చే జాగ గదా, జెర నువ్వే చూసుకో.”

“ఫికర్ జెయ్యకు కాకా. ఇయ్యాల తెలుస్తది.” నగేష్ చెల్లెలి కుర్చీ వెనక నిలబడ్డాడు. “తియ్యి.”

వీణ చెయ్యి స్విచ్ మీద ఉంది. ఒక్క నొక్కు నొక్కితే అంతా నల్లబడిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఆ చెయ్యి తీసి మౌస్ మీద పెట్టింది. ఆట తెరిచింది. మాతర పేరు వెలుగుతూనే ఉంది.

నగేష్ ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. ఆగిపోయాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“ఇది నా పేరు గదనే?”

“అవునన్నా.”

“నా పేరు మీద నువ్వు లంకోడితోటి...”

“ఆట ఆడుతున్న. గంతే.”

స్క్రీన్ మీద మాట వచ్చింది. బ్రదర్ అన్నది నగేష్‌కు వెంటనే అర్థమైంది, ట్రాలీల వెనక రోజూ చదివే మాటే.

“ఎవల్ని బ్రదర్ అంటున్నడు?”

“నిన్నే.”

కైలాసం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తుమ్ముతున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. నగేష్ అటొకసారి, ఇటొకసారి చూసి, “లెవ్,” అన్నాడు. “నా పేరైతే నేనే ఆడత.”

వీణ లేచి పక్కన నిలబడింది. అతను మౌస్ పట్టుకున్నాడు, స్ట్రైకర్ పట్టుకున్నట్టు రెండు వేళ్లతో. మొదట తడబడ్డాడు గానీ గురి కుదిరింది. రెండు బంతులు వేశాడు. తర్వాత నల్లది కంటపడింది. వీణ నోరు తెరిచింది. అంతలోనే అది జేబులో పడింది.

“రాణి పోయింది! ఇగ కవర్...” అంటుండగానే ఆట ఆగిపోయింది. “ఏందిది? ఎందుకాపిండు?”

“ఓడిపోయినవన్నా. నల్లది ఆఖరికి వెయ్యాలె.”

అవతలి నుంచి మాటలు వచ్చాయి. వీణ చదివి చెప్పింది. “ఇవాళ ఇది నీ చెయ్యి కాదు బ్రదర్, ఎవరు ఆడుతున్నారు అని అడుగుతున్నరు.”

“నా చెయ్యి కాదంటరేంది? అక్కడున్నది నా పేరు గదా!” అన్నాడు నగేష్. అంటూనే తన మాట తనకే వినపడినట్టు ఆ పేరును, చెల్లెలి చేతిని చూశాడు. తర్వాత లేచి కుర్చీ ఆమె వైపు జరిపాడు. “ఆడు.”

వీణ కూర్చుంది. కొత్త ఆట మొదలుపెట్టింది. ఒకచోట ఆమె బంతికి ఎదుటి బంతి అడ్డం పడింది. ఆమె ఆలోచిస్తుంటే వెనక నుంచి నెమ్మదిగా ఒక మాట వచ్చింది.

“బోర్డుకు కొట్టి తియ్యి.”

ఆమె అలాగే తీసింది. ఆ ఆట నగేష్ ఇండియా గెలిచాడు.

పోయేటప్పుడు ట్రాలీ దగ్గర అడిగాడు. “నా పేరంటే సరే. మరి ఇండియా ఎందుకు తగిలించినవ్?”

“ఉత్తగనే,” అన్నది వీణ.

ఇంటికి పోయాక నగేష్ తల్లితో, “పోనియ్యమ్మా పిల్లను. ఆడ లంకోడు లేడు, ఏం లేడు. నేనే ఉన్న,” అన్నాడు.

“నువ్వెప్పుడు పోయినవురా?”

“రోజు పోతున్ననట.”

రాహేలుకు ఏమీ అర్థం కాలేదు గానీ, కొడుకు నవ్వుతున్నాడు కనుక సరేనంది. వీణ కుర్చీ నిలిచింది. బోరింగు దగ్గర మాత్రం మాట మారలేదు. నగేష్ ఎవరికీ విడమరిచి చెప్పలేదు. చెప్తే చెల్లెలు తనకంటే బాగా ఆడుతుందని కూడా చెప్పాల్సి వచ్చేది. తర్వాత వచ్చిన ఆదివారాల్లో మగవాళ్లంతా వెళ్లిపోయాక, బోర్డు లోపలికి తెచ్చి చెల్లెలి ఎదురుగా కూర్చునేవాడు.

కొన్నేళ్లకు ఆ ఆటల సైటు మూతపడింది. మాతరతో చివరి ఆట ఎప్పుడు ఆడిందో వీణకు గుర్తులేదు, అదే చివరిదని అప్పుడు తెలియదు కదా. నెట్ సెంటర్ జిరాక్స్ దుకాణంగా మారింది, కౌంటర్ దగ్గర ఆమే. ఉప్పుగూడ రైల్వే కాంట్రాక్టరు దగ్గర పనిచేసే అమరనాథ్‌తో ఆమె పెండ్లి జరిగిన రోజు కూడా భోజనాల పంక్తిలో ఎవరో అన్నారు, “పాపం, లంక సంబంధం తప్పిపోయింది,” అని.

ఆమె తన పేరు పక్కన ఇండియా అని పెట్టుకున్నదని గల్లీలో ఇప్పటికీ అంటారు. ఆమె పేరు అందులో ఎక్కడా లేదు. అక్కడున్న పేరు నగేష్‌ది, దాన్ని చూసి వచ్చిన బ్రదర్ అన్న పిలుపు అబద్ధం. ఆ అరువు పేరు పక్కన తనకు నిజమైన మాట ఒక్కటైనా ఉండాలని, వీణ ఇండియా అని పెట్టింది.